బస్సుపై పట్టణమునకు గల అధికారమెంత?

సూర్యాపేట, కోదాడ పట్టణములకు రైలు లేదు. హైదరాబాదు, విజయవాడల నడిమి రహదారియే వానికి జీవనాడి. మిర్యాలగూడకు రైలుమార్గము కలదు. అయినను పల్లెలనుండి బడికిని, ఆసుపత్రికిని, అంగడికిని వచ్చు జనులకు ఈ మూడుచోట్లను బస్సే దిక్కు. మఱి యా బస్సు వేళలను నిర్ణయించువా రెవ్వరు?

కొంత పూర్వచరిత్ర చూతము. నిజాము సంస్థానమున 1932 జూన్ 15వ తేదీన 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ప్రభుత్వ రవాణా మొదలయ్యెను. దానిని నడపినది ఏ పట్టణ సంఘమును గాదు. నిజాము రాష్ట్ర రైల్వేలోని యొక శాఖ. మఱుసటి యేడే లండనులో బస్సులు, ట్రాములు, భూగర్భ రైళ్లు ఒకే మండలి క్రిందికి వచ్చెను. ఏకత్వము రెండుచోట్లను గలదు. కాని యా మండలి యేర్పడినది మహానగర మొక్కదాని కొఱకు, ఈ శాఖ సంస్థానమంతటికిని.

1951లో ఆ శాఖ రైల్వేనుండి హైదరాబాదు ప్రభుత్వమునకు మాఱెను. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడెను. 2014 రాష్ట్ర విభజనానంతరము తెలంగాణ సంస్థ వేఱయ్యెను. యజమానులు మాఱిరి గాని అధికారము రాజధానిని వీడలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము, పురపాలక సంఘముల కప్పగింపదగిన 18 విషయములలో రోడ్లను, బస్‌స్టాపులను జేర్చెను, బస్సులను జేర్పలేదు. కావున ప్రయాణికుల నీడకు కప్పు వేయుట పట్టణము వంతు. ఆ కప్పు చెంతకు బండి యెప్పుడు రావలెనో చెప్పుట వేఱొకరి వంతు.

రాష్ట్రాధికారము చెడ్డదని మా వాదము గాదు. 2023 డిసెంబరు 9న తెలంగాణమున స్త్రీలకు ఉచిత ప్రయాణము ఏకకాలమున అంతటను అమలులోనికి వచ్చెను. ఏ పట్టణమును తనంతట జేయగల పని గాదది. కాని ఛార్జీ లేనంత మాత్రమున బడిగంటకు ముందే బస్సు వచ్చునా? చీకటి పడకమున్నే బాలికను ఇల్లు జేర్చునా? చేర్చనిచో ఆమె చదువు ఏ తరగతితో నాగునో తల్లిదండ్రులకు తెలియును, ఉపాధ్యాయులమైన మాకును తెలియును.

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టములో సలహా సంఘముల కవకాశము కలదు. పురపాలకులు, డిపో అధికారులు, ఉపాధ్యాయులు, తల్లులు ఒకచోట గూర్చుండి వేళలను విచారించు సంఘ మొకటి ప్రతి పట్టణమునకును వలయును. 1932లో సంస్థాన ప్రజలకు తా మెన్నుకొన్న ప్రభుత్వము లేదు. నేడు కలదు, అడుగకుండుట మన లోపమే.