సెలవు లేని కేలండరు

అమెరికాలో పాతసామాన్ల సంతకి వెళ్తే నేను ముందు వెతికేది వంటల పుస్తకాల అట్టపెట్టె. పెద్ద పుస్తకాలు నాకక్కర్లేదు. పిండి, నూనె, బేకింగ్ పౌడరు అమ్ముకునే కంపెనీలు ఒకప్పుడు ఇల్లాళ్లకి ఉచితంగానో, తపాలా బిళ్లలు పంపితేనో ఇచ్చిన పల్చటి పుస్తకాలు కావాలి. వాటి నిండా నూనె మరకలుంటాయి. పొదుపు గురించి చెప్పని పుస్తకం మాత్రం వాటిలో ఇంతవరకు నాకు కనపడలేదు.

క్రిస్కో సంగతే చూడండి. పత్తిగింజల నూనెని హైడ్రోజనేషన్‌తో గడ్డకట్టించి ప్రోక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ 1911లో దాన్ని అమ్మకానికి పెట్టింది. 1937లో వచ్చిన మన డాల్డాకి ఇది అక్క వరస. తరతరాలుగా పందికొవ్వుతో, వెన్నతో వండుతున్న ఆడవాళ్లని ఈ డబ్బావైపు తిప్పాలి. అందుకని 1913లో మారియన్ హారిస్ నీల్ అనే రచయిత్రి చేత 615 వంటల పుస్తకం రాయించారు. చేపలు వేయించిన క్రిస్కోకి వాసన పట్టదు, వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు అన్నది అందులో ఒక పొదుపు సలహా. కాగిన నూనె వడకట్టి దాచుకోవడం ఏ అమ్మమ్మకి తెలీదు? ఆవిడకి తెలిసిన విద్యనే ఆవిడకి నేర్పి డబ్బా అమ్మారు. తేలిగ్గా అరుగుతుందని కూడా నమ్మించారు. పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన నూనెలు ఆహారంలో సురక్షితమని అనుకోవడానికి వీల్లేదని అక్కడి ఎఫ్‌డీఏ 2015లో గానీ తేల్చలేదు.

ఆ పుస్తకం పేరులోనే 'డిన్నర్ల కేలండరు' అని ఉంది. ఏడాది పొడవునా రోజుకో డిన్నరు. ఇవాళ మీరు వండకండి అన్న రోజు ఒక్కటీ లేదు. డబ్బు ఎలా మిగల్చాలో చెప్పిన కంపెనీ, మిగిల్చే మనిషి పొద్దుకి మాత్రం ధర కట్టలేదు.

సలహా చెప్పేది ఇంకో ఆడమనిషయితే నమ్మకం ఎక్కువ. మినియాపొలిస్‌లోని ఒక పిండి కంపెనీ, వాష్‌బర్న్ క్రాస్బీ, వంట సందేహాలతో వచ్చే ఉత్తరాలకి జవాబివ్వడానికి 1921లో బెట్టీ క్రాకర్ అనే పేరు కల్పించింది. క్రాకర్ అనేది రిటైరయిన ఒక మగ డైరెక్టరు ఇంటిపేరు. జవాబులు రాసినవాళ్లు, వంటలు చేసి చూసినవాళ్లు మాత్రం నిజం ఆడవాళ్లే. మార్జొరీ హస్టెడ్ ఏళ్ల తరబడి ఆ పని నడిపింది. 1945లో ఫార్చూన్ పత్రిక, ఎలినార్ రూజ్‌వెల్ట్ తర్వాత దేశంలో అంత పేరున్న మహిళ బెట్టీయేనని రాసింది. పుట్టని మనిషికి పేరొచ్చింది, పనిచేసినవాళ్లు ఆమె సంతకం వెనక ఉండిపోయారు.

యుద్ధకాలంలో పొదుపు దేశభక్తి అయింది. 1943లో బెట్టీ పేరుతో వచ్చిన రేషన్ వంటల పుస్తకానికి 'మీ వంతు' అని పేరు పెట్టారు. మూకుడులో మిగిలిన కొవ్వుని డబ్బాలో పట్టి మాంసం కొట్టుకి ఇమ్మని 1942 నుంచి ప్రచారం జరిగింది. దాన్నుంచి తీసిన గ్లిజరిన్ పేలుడు పదార్థాలకి వెళ్లింది. అంటే ఇంటి పొదుపు ఎంత విలువైనదో ప్రభుత్వానికీ తెలుసు, కంపెనీకీ తెలుసు.

నా దగ్గరున్న ఒక పుస్తకంలో అంచుల మీద పెన్సిలుతో ఎవరో రాసుకున్నారు: చక్కెర సగం చాలు. పిల్లలు తిన్నారు. ఇంకెప్పుడూ చెయ్యకు. పేరు రాసుకోలేదు. కంపెనీ చెప్పిన కొలతని దిద్దిన ఆ చెయ్యి కోసమే నేను ఈ పుస్తకాలు కొంటాను.

మా అమ్మకి రాసుకునే అలవాటు లేదు. ఖాళీ డాల్డా డబ్బాలో కందిపప్పు పోసుకుంది, అప్పడాలు వేయించిన నూనె మర్నాటి పోపుకి దాచింది, అలా మిగిల్చిన డబ్బు నాన్న చేతికిచ్చింది. మేమందరం ఇప్పటికీ దాన్ని నాన్న కట్టిన ఇల్లు అనే అంటాం.