బెట్టకూ కరువుకూ మధ్య

మా రాయలసీమ మెట్టపల్లెల్లో వేసవి గురించీ, వాన లేమి గురించీ మాట్లాడేటప్పుడు రైతులు మూడు మాటలు వాడతారు. ఎండ, బెట్ట, కరువు. చదువుకున్న మనం ఈ మూడింటినీ దగ్గర దగ్గర అర్థాలున్న మాటలుగా తీసుకుంటాం. రైతు అట్లా తీసుకోడు. ఎండ ఆకాశానికి సంబంధించింది. బెట్ట చేనికి సంబంధించింది. నేలలో తేమ ఆరిపోయి పైరు వాడుముఖం పట్టడమే బెట్ట. కరువు ఇంటికి సంబంధించింది. గాదె అడుగంటి, కూలి దొరక్క, అప్పు పుట్టక, పొయ్యిలో పిల్లి లేవకపోవడం కరువు. మొదటి రెండింటికీ కారణం ప్రకృతి. మూడోదానికి కారణం కూడా ప్రకృతేనా అన్నది ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్న ప్రశ్న. ఇది చరిత్రకు సంబంధించిన ప్రశ్నే అయినా, మన సాహిత్యానికి కూడా దీనితో గట్టి సంబంధం ఉంది.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల నుంచి రాలేదు. నేను తెలుగు చెప్పే ఉన్నత పాఠశాలలో ఒక ఏడాది పదో తరగతి పిల్లలకు 'కరువు' అన్న అంశం మీద వ్యాసం రాయమన్నాను. దాదాపు అందరూ ఒకే వాక్యంతో మొదలుపెట్టారు: వానలు లేకపోవుట వలన కరువు వచ్చును. ఒక్క అమ్మాయి మాత్రం వేరుగా రాసింది. వాన రాలేదు, చెనిక్కాయ పోయింది, అప్పుకు ఎద్దులు అమ్మినారు, మళ్లీ వాన వచ్చినప్పుడు దున్నేదానికి ఎద్దులు లేవు, అందుకని కరువు వచ్చింది అని. వ్యాసానికి ఉండవలసిన ఉపోద్ఘాతం లేదనీ, మాటలు గ్రామ్యంగా ఉన్నాయనీ నేను ఆ అమ్మాయికి రెండు మార్కులు తగ్గించాను. ఆ తరగతిలో కరువును నిర్వచించింది ఆమె ఒక్కతే అని నాకు తట్టడానికి చాలా కాలం పట్టింది.

నా పొరపాటుకు మూలం నేను చదివిన చదువులో ఉంది. మన ప్రబంధ లక్షణాల్లో అష్టాదశ వర్ణనలు ఉన్నాయి. అందులో ఋతువర్ణన ఉంది, నగరవర్ణన ఉంది, జలక్రీడ ఉంది, మధుపానం ఉంది. కరువు లేదు. శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో గ్రీష్మాన్నీ, వర్షాకాలాన్నీ పల్లె బతుకు దగ్గరనుంచి చూసినవాడిలా వర్ణించాడు. ఆ పరిశీలనకు సాటి లేదు. అయినా అక్కడ ఎండ ఉంది గాని ఆ ఎండకు పంట పోయిన కాపు లేడు. కవిత్వంలో వేసవి ఒక ఋతువు. అది పోగానే వాన వస్తుంది. రాకపోతే ఏమవుతుందన్నది ప్రబంధానికి అవసరం లేని విషయం.

పురాణం దీనికి కొంత భిన్నం. రోమపాదుని అంగరాజ్యంలో వానలు కురవలేదు. కారణం రాజు చేసిన అపచారం. ఋష్యశృంగుణ్ణి రప్పిస్తే గాని మేఘం కరగలేదు. రాజు తప్పు చేస్తే ఆకాశం శిక్షిస్తుందన్న నమ్మకం అశాస్త్రీయం. సందేహం లేదు. కాని ఆ కథలో ఒక విశేషం ఉంది. జనం ఆకలితో ఉన్నప్పుడు రాజును జవాబు అడగవచ్చునన్న భావన అందులో ఉంది. తర్వాతి కాలంలో వలస ప్రభుత్వం వచ్చి శాస్త్రం నేర్పింది. వాన ఎందుకు తప్పిందో లెక్కలతో చెప్పింది. ఆ చెప్పడంలోనే రాజును జవాబుదారీ నుంచి తప్పించింది. పురాణం ఆకాశం విషయంలో పొరబడింది. ప్రభుత్వ నివేదిక రాజు విషయంలో పొరబడింది. మనం మాత్రం మొదటిదాన్ని మూఢనమ్మకమని వదిలేసి, రెండోదాన్ని పాఠ్యపుస్తకంగా పెట్టుకున్నాం.

ముందు బెట్ట సంగతి చూద్దాం. సీమ వానచాటు ప్రాంతం. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య ఋతుపవనం తూర్పు తీరాన్ని దాటి లోపలికి వచ్చేసరికి బలహీనపడుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. ఆ ఎండను రైతు తిట్టుకోడు. వేసవి దుక్కిలో నేల కాగితే పురుగు చస్తుంది, కలుపు చస్తుంది. రైతు భయం మృగశిర తర్వాత మొదలవుతుంది. వేరుసెనగ విత్తిన నెలకు పూత పడుతుంది. ఆ తర్వాత ఊడలు నేలలోకి దిగాలి. సరిగ్గా ఆ రోజుల్లో మూడు నాలుగు వారాలు వాన మొహం చాటేస్తే ఎర్రనేల గట్టిపడుతుంది. ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. ఆపైన ఎంత వాన పడినా పశువులకు కట్టె మిగులుతుందేమో గాని ఇంటికి కాయ రాదు. అందుకే ఏడాది మొత్తం వాన లెక్క సరిపోయిన సంవత్సరంలో కూడా పంట పోవచ్చు. కాగితం మీది సగటు చేనికి పనికిరాదు.

పూర్వులకు ఇది తెలియదా? తెలుసు. అందుకే వాళ్లు కొర్ర, ఆరిక, సజ్జ, జొన్న వేశారు. తక్కువ తేమతో పండే గింజలివి. పండిన ఏడు జొన్నలను పాతరలో పోసి, పండని ఏటికి దాచుకున్నారు. చెరువులు తవ్వారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, చెరువుకు రాగూడని ఆరు దోషాలనూ అందులో చెప్పారు. ఆ రాజులు ప్రజాస్వామికులని నేను అనడం లేదు. చెరువు కింద పండిన పంటలో అధికభాగం ఎవరికి పోయిందో మనకు తెలుసు. అయినా బెట్ట వస్తుందని ముందే ఒప్పుకొని దానికి ఏర్పాటు చేసుకున్న సమాజం అది. పంట, పాతర, చెరువు ఈ మూడూ బెట్టకూ కరువుకూ మధ్య కట్టుకున్న గోడలు. ఆ గోడలు ఎట్లా కూలాయన్నదే అసలు చరిత్ర.

మా అవ్వ, మేము కంచం దగ్గర ఆత్రపడితే 'ధాత కరువులో పుట్టినారా' అని గదిమేది. ఆమె ఆ కరువు చూడలేదు. ఆమె అవ్వల కాలం నాటి మాట అది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. అంతకుముందు గుంటూరు జిల్లా జనాభాలో సుమారు మూడో వంతును పొట్టన పెట్టుకున్న 1832-33 కరువును నందన కరువు అంటారు, డొక్కల కరువు అనీ అంటారు. నందన అంటే ఆనందమిచ్చేది. ధాత అంటే పోషించేవాడు. పంచాంగం పెట్టిన పేర్లకు చరిత్ర ఇచ్చిన అర్థాలు ఇవి.

1876లో మద్రాసు రాజధానిలో రెండు ఋతుపవనాలూ తప్పాయి. మరుసటి ఏడు కూడా వాన సకాలంలో రాలేదు. 1877 నాటి వాన లేమికీ, పసిఫిక్ సముద్రజలాలు వేడెక్కే ఎల్ నినోకూ సంబంధం ఉందని ఇవాళ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అది బెట్ట. కరువు కథ వేరే ఉంది. నిజాం 1800లో కంపెనీకి దత్తం చేసిన ఈ మండలాల్లో, మన్రో కాలం నుంచి రైత్వారీ శిస్తు నగదు రూపంలో కట్టాలి. శిస్తు కట్టాలంటే గింజ అమ్మాలి. 1871 నాటికి మద్రాసు నుంచి కడప, గుత్తి, ఆదోనిల మీదుగా రాయచూరుకు రైలుమార్గం పూర్తయింది. రైలు వస్తే కరువు పోతుందన్నారు. కాని రైలు గింజను ఆకలి ఉన్నచోటికి కాదు, ధర ఉన్నచోటికి మోస్తుంది. పాతరలోని జొన్నకు దూరపు బజారు ధర అంటుకుంది. కూలివాడికి ఆ ధర అందలేదు. వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ధాన్యం ఎగుమతులను ఆపలేదు, ధరలను అదుపు చేయలేదు. వర్తక స్వేచ్ఛకు భంగం కలగరాదన్నది దాని సిద్ధాంతం. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు మహావైభవంగా జరిగింది. ఆ రోజు దత్తమండలాల్లో జనం ఆకులూ అలములూ ఏరుకుంటున్నారు. బతికుంటే బలుసాకు తినవచ్చునన్న సామెతను మనం అలంకారంగా వాడుకుంటాం. ఒకప్పుడు అది అలంకారం కాదు.

కరువు పనుల ఖర్చు తగ్గించడానికి లిట్టన్ పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్. ఇతడే 1873-74లో బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. అందుకు మెప్పు రాలేదు. దుబారా చేశాడన్న నింద వచ్చింది. ఆ నింద పోగొట్టుకోవడానికి ఈసారి దక్షిణానికి వచ్చి, రోజంతా మట్టి మోసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లర చాలునని తేల్చాడు. ఒక పౌను అంటే అరకిలోకు తక్కువ. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి కార్నిష్ ఈ కూలితో మనిషి బతకడని వాదించాడు. కొన్ని నెలల తర్వాత గాని కూలి పెంచలేదు. ఈ కరువులో బ్రిటిషు ఇండియాలో చనిపోయినవారు 50 లక్షలకు పైగా ఉంటారని అంచనా. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య దాదాపు నాలుగో వంతు జనం తగ్గారు.

ఇదే సమయంలో ఇంకొక విషయం గమనించాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కూ, బెజవాడ ఆనకట్ట 1855కూ పూర్తయ్యాయి. వాటి కింది డెల్టాలను ధాత కరువు సీమను కాల్చినట్టు కాల్చలేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్, రైళ్ల మీద పెట్టే డబ్బు కాలవల మీద పెట్టమని చివరిదాకా వాదించాడు. కాటన్‌ను దేవుణ్ణి చేయనక్కరలేదు. డెల్టా శిస్తు ప్రభుత్వానికి లాభసాటి వ్యాపారమే. కాని ఒకే భాష, ఒకే ప్రభుత్వం ఉన్నచోట ఒక ప్రాంతం తిన్నది, ఒక ప్రాంతం చచ్చింది. ఆ తేడా మేఘం ఒక్కటే చేసింది కాదు.

1880లో కరువు కమిషను తన నివేదికలో, కరువు ముందుగా కూలి పోయినవాణ్ణి దెబ్బతీస్తుందని ఒప్పుకుంది. నూరేళ్ల తర్వాత 1981లో అమర్త్యసేన్ కరువుల మీద తన పుస్తకంలో, తిండి లేకపోవడం వేరు, ఉన్న తిండి మీద మనిషికి హక్కు లేకపోవడం వేరు అని సిద్ధాంతీకరించాడు. మా పదో తరగతి అమ్మాయి ఎద్దుల సంగతి రాసినప్పుడు చెప్పింది ఇంచుమించు ఇదే.

మరి సాహిత్యం ఏం చేసింది? జనం పాటలు కట్టుకున్నారు. 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి మీద పాట నేటికీ సీమలో వినిపిస్తుంది. ఆయన ఔదార్యం గొప్పది. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. తాను చేయవలసిన పని చేసినవాడికి ప్రభుత్వం పతకమిచ్చి ఊరుకుంది. పాట దాతను నిలిపింది గాని ఆ పతకాన్ని ప్రశ్నించలేదు. ఆ పని 20వ శతాబ్దపు రచయితలకు మిగిలింది. విద్వాన్ విశ్వం 1956లో 'పెన్నేటి పాట'లో రంగడినీ గంగమ్మనూ నిలబెట్టాడు. ఏరు ఎండిన నేల మీద బతుకు ఎట్లా జారిపోతుందో చూపాడు. అష్టాదశ వర్ణనల్లో లేని కరువుకు తెలుగు కావ్యంలో చోటు దొరికింది. అది సీమలో గంజికేంద్రాలు నడిచిన కాలానికి దగ్గరి కాలం. ఆ తర్వాత కొర్రచేలు పోయి వేరుసెనగ లక్షల హెక్టార్లకు పాకింది. తిండిగింజ స్థానంలో బజారుగింజ వచ్చింది. పెట్టుబడికి అప్పు, అప్పుకు వడ్డీ, వానకు ఎదురుచూపు. సింగమనేని నారాయణ తన కథకు 'జూదం' అని పేరు పెట్టడంలో ఈ మార్పు మొత్తం ఉంది. 1990ల చివరి నుంచి సీమ రైతుల ఆత్మహత్యలు వార్తలయ్యాయి. ఇప్పుడు గంజికేంద్రాలు లేవు, చౌకధర బియ్యం ఉంది. ధాత కరువు నాటి చావులు లేవు. కాని బెట్ట వచ్చిన ప్రతి ఏడూ పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి బెంగుళూరు బస్సెక్కే కుటుంబాలున్నాయి. మా బడి హాజరుపట్టీ నాకు ఏటా ఆ సంగతి చెబుతూనే ఉంది.

ఇటీవల కరువు మీద వస్తున్న కవితలు చాలా చదివాను. పగుళ్లిచ్చిన నేల, ఎండిన పొదుగు, ఆకాశంవైపు చూసే రైతు. ఈ మూడు చిత్రాలతో కవిత పూర్తవుతోంది. వాటిలోని ఆవేదనను నేను శంకించను. కాని ఆకాశంవైపు చూసే రైతును మాత్రమే చూపే కవి, తెలియకుండానే పాత ప్రభుత్వ నివేదికను ఛందస్సు లేకుండా తిరగరాస్తున్నాడు. రైతు ఆకాశాన్ని చూసేది కొద్దిసేపే. మిగతా రోజంతా వడ్డీ లెక్కనూ, విత్తనం ధరనూ, మండీ తూకాన్నీ, ఎద్దుల్ని కొనవచ్చిన బేరగాణ్ణీ చూస్తాడు. ఆ ముఖాలు మన కవిత్వంలో ఎక్కడ? వాతావరణం మారుతోందనీ, ఎండలు ముదురుతున్నాయనీ శాస్త్రం చెబుతున్న ఈ రోజుల్లో నేరమంతా మళ్లీ ఎండ మీదికి నెట్టడం మరీ సులువు. ఎండ ముదిరేకొద్దీ బెట్టకూ కరువుకూ మధ్య ఎవరున్నారో, ఏమున్నదో ఇంకా గట్టిగా అడగాలి.

సాహిత్య విద్యార్థులకు ఒక చిన్న పని సూచిస్తాను. మీ ఊళ్లో పెద్దవాళ్లు కరువులను ఏ పేర్లతో పిలుస్తారో రాసుకోండి. ఆ ఏడు గింజ ధర ఎంత, కూలి ఎంత, ఎవరి భూమి ఎవరి చేతికి పోయింది, ఎవరు ఊరు విడిచారు అని అడగండి. రచనకు అదీ ముడిసరుకే. నేను కోసేసిన ఆ రెండు మార్కులు ఇప్పుడు తిరిగి ఇవ్వలేను. ఇకమీదట పిల్లల వ్యాసాల్లో ఉపోద్ఘాతం కోసం మాత్రం వెతకను.