గుంపు నిలిచిన చోటు

నా బల్లపై నార్మన్ రాక్వెల్ చిత్రానికి పాత అచ్చుప్రతి ఒకటున్నది. 1964 జనవరిలో 'లుక్' పత్రిక ప్రచురించిన బొమ్మ. తెల్లగౌను తొడుక్కున్న నల్లపిల్ల బడికి నడుస్తున్నది. ముందిద్దరు, వెనుకిద్దరు ఫెడరల్ మార్షల్స్. వారి తలలు బొమ్మలోనికి రాలేదు. గోడపై ఒక తిట్టు, విసిరిన టమాటా మరక. 1960 నవంబరులో న్యూ ఆర్లియన్స్‌లో తెల్లవారి బడిలో చేరిన ఆరేళ్ళ రూబీ బ్రిడ్జెస్ ఉదంతమే దీనికి మూలం.

రాక్వెల్ 1916 నుండి 1963 వరకు 'సాటర్డే ఈవెనింగ్ పోస్ట్'కు మూడువందలకు పైగా ముఖచిత్రాలు గీశాడు. నల్లవారిని సేవకులుగా తప్ప చూపరాదన్నది అక్కడి కట్టుబాటు. ఆ పత్రికను విడిచేనాటికి ఆయనకు 69 ఏళ్ళు.

ఇంత ఆలస్యమెందుకని అడగాలనిపిస్తుంది. కాని అరిచే గుంపు బొమ్మలో లేదు; చూసే మనం నిలిచినదే ఆ గుంపు నిలిచిన చోటు. అది గ్రహించాక, ఆయనను అడగబోయిన ప్రశ్న నావైపే తిరుగుతుంది.