ఎర్ర రక్తకణాల ఒదుగుదల: శక్తి పాత్ర

మనిషి ఎర్ర రక్తకణం అడ్డుకొలత సుమారు 8 మైక్రాన్లు. అది దూరిపోవలసిన కేశనాళికల్లో కొన్నింటి వెడల్పు అందులో సగమే. ప్లీహంలోని చీలికలు ఇంకా సన్నం, మైక్రాన్‌కు అటూ ఇటూ. 120 రోజుల ఆయుష్షులో ఈ ఇరుకుదారులను కణం మళ్లీ మళ్లీ దాటాలి. రక్తకణం ఆకారం మార్చుకుంటుందని 17వ శతాబ్దంలోనే డచ్ పరిశీలకుడు లీవెన్‌హుక్ గమనించాడు. ఆ గుణానికి శక్తితో ఉన్న సంబంధం మాత్రం 20వ శతాబ్దం రెండో సగంలో గాని తేలలేదు. అప్పటినుంచి జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, కణం శక్తిని ముఖ్యంగా ఖర్చుపెట్టేది వంగడానికి కాదు, వంగగలిగే స్థితి చెడిపోకుండా చూసుకోవడానికి.

ఇందుకు మొదటి ఆధారం లెక్కల్లోనే ఉంది. కణం ఘనపరిమాణం సుమారు 90 ఘన మైక్రాన్లు, పై పొర వైశాల్యం 140 చదరపు మైక్రాన్లు. అంతే ఘనపరిమాణమున్న గోళానికి 97 చదరపు మైక్రాన్ల పొర చాలు. సగం నింపిన ధాన్యపు బస్తా ఎటైనా ఒదిగినట్టు, ఈ అదనపు పొర వల్లే కణం ఒదుగుతుంది. పొర వైశాల్యం కొద్ది శాతం పెరిగినా చిరుగుతుంది. కనుక లోపల నీరు పెరిగి కణం ఉబ్బితే ఆ వెసులుబాటు పోయినట్టే. సోడియం నిరంతరం లోపలికి కారుతూ నీటిని వెంట తెస్తుంది. దాన్ని తోడిపోసే పంపును 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కూ పీతల నాడుల్లో గుర్తించాడు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒక్కోదాని ఖర్చుతో ఆ పంపు మూడు సోడియం అయాన్లను బయటికి పంపి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఎర్రకణంలో మైటోకాండ్రియా లేవు. ఒళ్లంతటికీ ఆక్సిజన్ మోస్తూ తాను మాత్రం దాన్ని శక్తి కోసం వాడుకోలేదు. ఒక్కో గ్లూకోజ్ నుంచి నికరంగా దక్కే రెండు ఏటీపీలతోనే సరిపెట్టుకోవాలి.

శక్తి అందకపోతే ఏమవుతుందో 1969లో వీడ్, లాసెల్, మెరిల్ పరీక్షించారు. గ్లూకోజ్ లేకుండా నిల్వ ఉంచిన కణాల్లో ఏటీపీ తరిగేకొద్దీ కణాలు బిగుసుకున్నాయి. అడినోసిన్ ఇచ్చి ఏటీపీని పెంచితే మళ్లీ మెత్తబడ్డాయి. కాల్షియం లోపల పేరుకోవడమే ఇందుకు కారణమని వారు ఊహించారు. ఆ ఊహకు పునాది అప్పటికే ఉంది. ఏటీపీ తరిగిన కణాల్లోకి కాల్షియం చేరితే పొటాషియం బయటికి పోతుందని 1958లో హంగరీ శాస్త్రవేత్త గార్డోష్ చూపాడు. కాల్షియంను బయటికి నెట్టే పంపును 1966లో షాట్జ్‌మన్ కనుగొన్నాడు.

అయితే ఏటీపీకి, మెత్తదనానికి ఇంత సూటి లంకె ఉందా? 1977లో ఫెయో, నార్ల మోహన్‌దాస్ ఈ లంకెను ప్రశ్నించారు. ఏటీపీ తరుగు వల్ల వచ్చే బిగువు, కాల్షియం వల్ల వచ్చే బిగువు వేర్వేరు దారుల్లో వస్తాయని 1981లో మోహన్‌దాస్ బృందమే తేల్చింది. దీంతో శక్తి పాత్ర కొట్టుకుపోలేదు. అది నీటి పరిమాణం, ఆకారం, పొర వంటి వాటి మీదుగా పనిచేస్తుందని స్పష్టమైంది. సికిల్ సెల్ వ్యాధిలో కణం బిగుసుకునేది శక్తి చాలక కాదు, హీమోగ్లోబిన్ పోగులుగా గట్టిపడి. అంటే శక్తి అవసరమే గాని, అదొక్కటే చాలదు. శక్తి ఖర్చు వంగడానికి కాదన్న మాటకు అంతకంటే బలమైన అభ్యంతరం, కణం పొర కంపిస్తూ ఉండటం. కేవలం వేడి వల్లే పొర కదులుతుందని 1975లో బ్రోషార్, లెనన్ వివరించగా, కణం శక్తికీ అందులో వాటా ఉందని 2016లో ఒక యూరప్ బృందం చూపింది. కాబట్టి పొర కదలికలో ఏటీపీకి నేరుగా ప్రమేయం లేదనలేం. కానీ ఇరుకుదారిలో కణాన్ని నొక్కి వంచేది రక్త ప్రవాహమే.

అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం ఒక జబ్బు. 1961లో గుర్తించిన పైరువేట్ కైనేజ్ అనే ఎంజైము లోపంలో గ్లూకోజ్ నుంచి ఏటీపీ తయారీ కుంటుపడి, కణాలు ముందే నశిస్తాయి. ఇంకా మైటోకాండ్రియా మిగిలివున్న లేతకణాలు ఆక్సిజన్ సాయంతో నెట్టుకొస్తాయి గాని, ఆక్సిజన్, గ్లూకోజ్ రెండూ తక్కువగా ఉండే ప్లీహంలో చిక్కి చెడతాయి. అందుకే ప్లీహం తీసేశాక, రక్తహీనత కాస్త తగ్గినా, రక్తంలో లేతకణాల సంఖ్య విచిత్రంగా పెరుగుతుంది. ఈ ఎంజైమును చురుకుచేసి కణంలో ఏటీపీని పెంచే మిటాపివాట్ అనే మందుకు అమెరికా 2022లో అనుమతి ఇచ్చింది.