మన చదువుల చరిత్ర – 9వ భాగం: గుమ్మం దగ్గరి పరీక్ష

"మన పిల్లలకు బేసిక్స్ లేవు, చదువుకు సిద్ధంగా రారు" అనే మాట ఈ మధ్య మనవాళ్ల మీటింగుల్లో కూడా వినపడుతోంది మిత్రులారా. ఎవరో ఒక సర్వే చూపిస్తారు, అందరం తలలూపుతాం. ఈ మాటకు ఓ పాత కథ ఉంది. అక్కడి నుంచి మొదలుపెడదాం.

1856 జూన్. బొంబాయి ప్రెసిడెన్సీలోని ధార్వాడ. ఒక మహార్ పిల్లవాడు సర్కారు బడిలో చేర్చుకోమని అడిగాడు. అందరిలాగే ఫీజు కడతానన్నాడు. చేర్చుకోలేదు. పైకి అర్జీ పెట్టుకున్నాడు. బొంబాయి సర్కారు ఇచ్చిన జవాబు చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. న్యాయం ఈ పిల్లవాడి వైపే ఉందట, కానీ ఒక్కడి కోసం చేర్చుకుంటే మిగతా కులాల వాళ్లకు ఆ బడి పనికిరాకుండా పోతుందట. 1858లో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు సర్కారు బడులు అన్ని వర్గాలవీ అని చెప్పారు, కాగితం మీద. ఒకటి గమనించండి. ఆ పిల్లవాడికి అక్షరాలు వచ్చా రావా అని ఎవరూ అడగలేదు. వాడు సిద్ధంగానే వచ్చాడు. సిద్ధంగా లేనిది బడి.

డెబ్భై ఏళ్లు దాటాక, 1927 మార్చి 12న, బొంబాయి శాసనమండలిలో విద్యా పద్దు మీద బాబాసాహెబ్ మాట్లాడారు. మహాడ్ చెరువు నీళ్లు తాగడానికి ఎనిమిది రోజుల ముందు. (మహాడ్ మనందరికీ తెలుసు, ఈ ప్రసంగం ఎందరు చదివారు?) ప్రాథమిక బడిలో చేరిన ప్రతి నూరు మందిలో నాలుగో తరగతికి చేరుతున్నది 18 మందే, మిగతా 82 మంది మళ్లీ నిరక్షరాస్యులైపోతున్నారని లెక్క చెప్పారు. బడిలో అడుగుపెట్టిన ప్రతి బిడ్డా ఇక జీవితాంతం మరిచిపోనంత అక్షరజ్ఞానంతోనే బయటికి రావాలి, ప్రాథమిక విద్య పని అదీ అన్నారు. ఆబ్కారీ మీద జనం దగ్గర ఎంత రాబడుతున్నారో అంతైనా జనం చదువు మీద పెట్టమన్నారు. ఆ మాట ఇవాళ మన రెండు రాష్ట్రాల అసెంబ్లీల్లో ఎవరైనా అంటే బాగుండు.

ఇప్పుడు మన లెక్క. అసర్ సర్వే వాళ్లు ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివిస్తారు. మూడో తరగతి పిల్ల రెండో తరగతి పాఠం చదవగలదా అన్నది అందులో ఒక కొలత. తెలంగాణలో 2018లో నూటికి 18.1 మంది చదవగలిగారు, 2022లో 5.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కి పడింది. ఇందులో ప్రైవేటు బడి పిల్లలూ ఉన్నారు, కాబట్టి సర్కారు బడి పిల్లలు మొద్దులు అనేవాళ్లు కాస్త ఆగాలి. కరోనా దెబ్బ నిజమే. ఆ తర్వాత దేశం మొత్తం మీద కొంత కోలుకున్నదీ నిజమే. కానీ 2018లో కరోనా లేదు కదా? అన్నట్టు, 1927 నాటి 18కీ ఈ 18కీ ముడిపెట్టి పోస్టర్లు చేయకండి, రెండూ వేర్వేరు కొలతలు. బాబాసాహెబ్ ఆ అంకెతో సర్కారును నిలదీశారు. ఇవాళ ఇలాంటి అంకెలతోనే పిల్లను నిలదీస్తున్నారు.

హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ పిల్లలు తయారై వచ్చేదాకా ఆగలేదు. ఉర్దూ రాజ్యంలో, తెలుగులో పాఠాలు చెప్పే బడులను మనవాళ్ల బస్తీల్లోకే తీసుకెళ్లాడు.

గురుకులాల సంగతికి వద్దాం. అవి మన గెలుపే. ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి అధికారి పూనుకుంటే 1980లలో లేచిన బడులు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ బడుల పిల్లలే. వేళకు తిండి, పడుకోను చోటు, పిలిస్తే పలికే టీచరు ఉంటే మన పిల్లలు ఏం చేస్తారో చూశాం. కానీ కోపం వచ్చినా ఒక మాట వినండి. తెలంగాణలో ఐదో తరగతి సీటుకు ప్రవేశ పరీక్ష ఉంది. అప్పటిదాకా చదువు చెప్పాల్సింది ఊరి బడి. ఎన్నో చోట్ల అక్కడ అన్ని తరగతులకూ ఒకరో ఇద్దరో టీచర్లు. ఆ బడి చెప్పని చదువుకు పరీక్ష రాసేది మాత్రం పిల్ల.

నేను సాయంత్రాలు చదువు చెప్పే మాదిగవాడలో నాలుగో తరగతి పిల్ల ఒకతె ఉంది. కిరాణా కొట్టు లెక్క నోటితో టకటకా చెప్తుంది. అదే లెక్క గైడులో ఉంటే ఏమడిగారో చదవలేదు. ఆ గైడు వాళ్లమ్మ పత్తి కూలి డబ్బులతో కొన్నది. "అన్నా, మా పిల్లకు సీటొస్తదా?" అని కనపడ్డప్పుడల్లా అడుగుతుంది. పోయినేడు ఆ వాడ నుంచి పదకొండు మంది రాశారు, ఇద్దరికి వచ్చింది. ఆ ఇద్దరి ఫొటోలు అన్ని గ్రూపుల్లో తిరిగాయి. మిగతా తొమ్మిది మంది అదే బడిలో, అదే ఒక్క టీచరు ముందు ఐదో తరగతి చదువుతున్నారు.

వచ్చే భాగంలో హాస్టళ్లు, మెస్ చార్జీల చరిత్ర. జై భీమ్.