బాట చెట్టు ఎవరిది?

చింతకాయ పండే కాలం దగ్గరపడుతుంటే చాలా తెలుగు ఊళ్ళలో పంచాయతీ ఆఫీసు ముందు వేలంపాట జరిగేది. పాటలో పెట్టేది భూమీ కాదు, చెరువులో చేపలూ కాదు. రోడ్డు పక్కనున్న చింతచెట్ల ఫలసాయం. పాట దక్కినవాడు ఆ ఏడాదికి కాపలా పెట్టుకునేవాడు. పిల్లలు రాళ్ళు విసిరితే అదిలించేవాడు, ఎవరైనా కట్టెల కోసం కొమ్మ నరకబోతే అడ్డుపడేవాడు. కాయ దులిపి, బస్తాలకెత్తుకుని వెళ్ళాక చెట్టు మళ్ళీ పంచాయతీ చేతికి వచ్చేది. నాటినవాళ్ళెవరో ఊళ్ళో ఎవరికీ గుర్తుండకపోవచ్చు. చెట్టును కనిపెట్టుకుని ఉండే మనిషి మాత్రం ఏటా ఒకడు ఉండేవాడు.

తెలుగు నేల మీద బాట చెట్ల చరిత్రంతా ఈ చివరి మాట చుట్టూనే తిరుగుతుంది. మొక్క నాటడం ప్రతి కాలంలోనూ జరిగింది. నాటిన తర్వాత అది ఎవరి పూచీ అన్నదానికి ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది.

కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండరాళ్ళ మీద అశోకుడి శాసనాలున్నాయి. అక్కడ చెక్కిన పద్నాలుగు ప్రధాన శిలాశాసనాల్లో రెండోది, మనుషుల కోసం, పశువుల కోసం బాటల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించిన సంగతి చెబుతుంది. రెండు వేల రెండు వందల ఏళ్ళకు పైబడిన మాట అది. బావి, చెట్టు అందులో జంటగా వస్తాయి. ఎండన పడి నడిచే మనిషికి, బండి లాగే ఎద్దుకు కావలసినవి ఆ రెండే మరి. నీళ్ళు దగ్గరలో ఉంటే మొక్కను బతికించుకోవడమూ తేలికే.

తర్వాతి శతాబ్దాల్లో ఆ పని రాజు నుంచి దాతల చేతికి వచ్చింది. చెరువు, గుడి, అగ్రహారంతోపాటు వనం వేయించడాన్ని కూడా సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కించారు. కొడుకు పుట్టినంత పుణ్యం తోపు వేయించినా దక్కుతుందన్న నమ్మకం ఊరూరా మామిడి తోపులు, చింత తోపులు మిగిల్చింది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రా చరిత్రలో బాట ఎలా ఉంది, నీళ్ళెక్కడ దొరుకుతాయి, దిగడానికి చోటెక్కడుంది అని మజిలీ తర్వాత మజిలీగా రాసుకుంటూ పోయారు. రైలు రాని కాలంలో ప్రయాణికుడికి తోపు అలంకారం కాదు, అవసరం. దాత ఉన్నన్నాళ్ళు, ఆయన వంశం నిలబడినన్నాళ్ళు తోపుకు దిక్కుండేది. ఆ తర్వాత ఊరే చూసుకోవాలి.

ఆ పూచీని కాగితం మీదికి తెచ్చింది మద్రాసు ప్రెసిడెన్సీ. 1871లో స్థానిక నిధుల చట్టం, 1884లో స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు రోడ్లు వేసి, వాటి పక్కన సాలు చెట్లు పెంచాయి. మర్రి, చింత, వేప, మామిడి వాళ్ళకు ఇష్టమైన జాతులు. అందులో చింతకు ప్రత్యేకమైన లాభం ఉంది. కాయ వేలం వేస్తే డబ్బొస్తుంది. చెట్టు ఎండిపోతే కట్టె అమ్మినా డబ్బొస్తుంది. నీడతోపాటు రాబడీ ఇచ్చే చెట్టు కనుక బోర్డు దాన్ని లెక్కలో పెట్టుకుంది. బోర్డుల తర్వాత వచ్చిన పంచాయతీలకు చింతకాయల వేలంపాట అలా వారసత్వంగా దక్కింది.

మర్రిని ఎంచుకోవడానికి కారణం వేరు. మర్రికి నారుమడి అక్కర్లేదు. తొలకరి పడగానే చేతి లావు కొమ్మను, మనిషి ఎత్తున నరికి, లోతుగా పాతితే వేరు పోసుకుంటుంది. చిగురు మేకలకు అందనంత ఎత్తులో వస్తుంది కాబట్టి సగం గండం అక్కడే గట్టెక్కుతుంది. మిగతా మొక్కలకైతే పాదు తీయాలి, తుమ్మకంప కట్టాలి, ఊతకర్ర పాతాలి, రెండు మూడు వేసవులు కావడితోనో బండి మీద పీపాతోనో నీళ్ళు మోయాలి. బాట చెట్టు ఖర్చంతా గొయ్యి తవ్విన రోజుది కాదు, ఆ మూడు వేసవులది.

నిజాం రాజ్యంలోనూ ఇలాగే సాలు చెట్లు లేచాయి. హైదరాబాద్ నుంచి చేవెళ్ళ మీదుగా వికారాబాద్, తాండూరు వైపు వెళ్ళే దారిలో ఇరువైపులా నాటిన మర్రి చెట్లు ఆ కాలంవే. ఇప్పుడది 163వ నంబరు జాతీయ రహదారి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల మేర 900కు పైగా మర్రి చెట్లున్నాయి. చాలాచోట్ల రెండు వైపుల కొమ్మలు రోడ్డు మీద కలుసుకుని పందిరి వేస్తాయి. ఒక్కో చెట్టుకూ కాపు ఏడాదిలో ఒక్కో సమయంలో వస్తుంది కనుక, ఇన్ని చెట్లున్న దారిలో గువ్వలకు, గోరింకలకు, గబ్బిలాలకు దాదాపు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట పండు దొరుకుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక చెట్టుకు పండగ వచ్చింది. కేంద్ర వ్యవసాయ మంత్రిగా ఉన్న కె.ఎం. మున్షీ 1950 జులైలో వనమహోత్సవం మొదలుపెట్టారు. బడి పిల్లలు, ఉద్యోగులు, మంత్రులు గుంతల దగ్గర నిలబడి మొక్కలు నాటడం అప్పటి నుంచి ఏటేటా సాగుతోంది. ఈ కార్యక్రమం చెట్టు మీద ప్రేమను ఇంటింటికీ చేర్చింది. దాంతోపాటు లెక్క చెప్పే పద్ధతినీ మార్చింది. బోర్డుల కాలంలో చెట్టు బోర్డు ఆస్తి. కొత్త కాలంలో ఈ ఏడు ఎన్ని మొక్కలు నాటామన్న అంకె ముందుకొచ్చింది. ఆ గుంతలో పోయినేడు నాటిన మొక్క ఏమైందన్న ప్రశ్న వెనక్కి పోయింది.

చట్టాలు ఆ ప్రశ్నను మళ్ళీ ముందుకు తేవడానికి చాలాకాలం పట్టింది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన వాల్టా చట్టం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని, కొట్టినదానికి బదులు నాటాలని చెప్పింది. 2015 జులై 3న తెలంగాణ ప్రభుత్వం హరితహారాన్ని చిలుకూరు బాలాజీ గుడి దగ్గర ప్రారంభించింది. చేవెళ్ళ మర్రి చెట్ల దారికి చిలుకూరు ఎంతో దూరం లేదు. లక్ష్యం 230 కోట్ల మొక్కలు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం మరో అడుగు వేసింది. ఊరికో నర్సరీ ఉండాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, అందుకు సర్పంచి, కార్యదర్శి జవాబుదారీ. 2019 నాటి పురపాలక చట్టం పట్టణాలకూ అదే నియమం పెట్టి, బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలంది. చాలా ఊళ్ళకు ట్రాక్టర్లు, నీళ్ళ ట్యాంకర్లు వచ్చాయి. మొక్క ఎండిపోతే ఎవరిని అడగాలో చాలా ఏళ్ళ తర్వాత చట్టంలో రాసి ఉంది. ఇది చిన్న మార్పు కాదు.

అయితే 85 శాతం అనే గీత గీస్తే, నీడ ఇచ్చేదాని కన్నా తొందరగా పచ్చబడేదాని మీదికి చెయ్యి పోతుంది. కోనోకార్పస్ అలాగే ఊరూరా పాకింది. ఏ నేలలోనైనా బతుకుతుంది, రెండేళ్ళకే పచ్చని గోడలా లేస్తుంది. పుప్పొడి గురించి, నీటి గొట్టాల్లోకి చొరబడే వేళ్ళ గురించి ఫిర్యాదులు పెరిగాక గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. తెలంగాణలోనూ నాటవద్దన్న ఆదేశాలు వచ్చాయి. విశాఖలో 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తుపాను వేల చెట్లను కూల్చాక ఏడాకుల పాల చెట్లు విరివిగా వేశారు. అవి పూతకొచ్చే చలికాలం మొదట్లో ఆ ఘాటు వాసనకు ఊపిరాడటం లేదని జనం మొరపెట్టుకున్నారు. ఒక్క జాతినే వీధి పొడవునా వరసగా నాటితే దాని గుణమూ దోషమూ రెండూ వీధంతటికీ పట్టుకుంటాయి. వేప, కానుగ, నేరేడు, చింత, రావి కలిపి వేసిన పాత రోడ్లకు ఈ చిక్కు లేదు.

చేవెళ్ళ దారిలో వచ్చిన చిక్కు మరో రకం. ఎద్దుబండ్ల కాలపు వెడల్పులోనే లారీలు, బస్సులు ఎదురెదురుగా వస్తుంటే ప్రమాదాలు పెరిగాయి. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని పలువురు ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. రోడ్డు వెడల్పు కావాలన్న స్థానికుల ఆవేదన న్యాయమైనది. చెట్లన్నీ కొట్టేయకుండా ఆ పని చేయలేమా అన్న ప్రశ్నా న్యాయమైనదే. 2021లో కొందరు పౌరులు చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచికి వెళ్ళారు. నాలుగేళ్ళ వాదనల తర్వాత, 2025 అక్టోబరు చివర, వీలైనన్ని చెట్లను ఉన్నచోటే ఉంచేలా రోడ్డు నమూనాను సవరించి, తప్పనిసరైన వాటిని పెకలించి వేరేచోట నాటాలన్న షరతులతో పనికి దారి దొరికింది. కొమ్మ పాతితేనే వేరు పోసే గుణం ఉన్న మర్రి, చోటు మార్చినా తట్టుకునే జాతి. తట్టుకోవాలంటే మాత్రం నీళ్ళు, కనిపెట్టి చూసే మనిషి ఉండాలి.

ఆ దారి మీది చేవెళ్ళ, మొయినాబాద్ 2025 జనవరిలో పురపాలక పట్టణాలయ్యాయి. ఇకపై పచ్చదనం పద్దు కింద ఆ రెండు ఊళ్ళకూ డబ్బు వస్తుంది, కొత్త మొక్కలు పడతాయి. అదే పద్దులో పాత మర్రి చెట్లకూ చోటుండాలి. ప్రతి చెట్టుకూ నంబరు, చుట్టుకొలత, ఎండిన కొమ్మల వివరం ఉన్న రిజిస్టరు తెరవాలి. మొదలు చుట్టూ పోసిన సిమెంటును కనీసం ఒక మీటరు మేర తొలగించాలి. నేలకు దిగుతున్న ఊడలను నరకకుండా వదలాలి. కరెంటు తీగల కోసం కొమ్మలు కొట్టేవాళ్ళకు ఎక్కడ, ఎంత కొట్టాలో ముందే చెప్పాలి. చోటు మార్చిన చెట్లకు మూడు వేసవుల నీళ్ళు ఎవరు పోస్తారో, హైవే సంస్థా, అటవీ శాఖా, పురపాలక సంఘమా అన్నది తేల్చి, రోడ్డు పని ముగిసి కాంట్రాక్టరు యంత్రాలు వెళ్ళిపోకముందే కాగితం మీద పేరు రాయాలి.