పాటల పుస్తకం, వెండితెర నవల, శబ్దచిత్రం

మూకీల కాలంలో తెరపై అక్షరాలు చదవలేని ప్రేక్షకుల కోసం హాల్లో వ్యాఖ్యాత కథ చెప్పేవాడు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెర మాట్లాడింది. తొలి టాకీల్లో ఎక్కువ పౌరాణికాలే కావడంతో కథ జనానికి ముందే తెలుసు. సాంఘికాలు పెరిగాక కొత్త కథలను పరిచయం చేసే పని థియేటర్ దగ్గర అమ్మే చవక పాటల పుస్తకం చేసింది. పాటలతో పాటు అందులో కథాసంగ్రహం ఉండేది. ముగింపు దాచి, మిగతాది వెండితెరపై చూడమనేవారు. ఆడి వెళ్లిపోయిన సినిమాను మళ్లీ చూసే వీలు తక్కువ కాబట్టి, ఇంట్లో ఆ పుస్తకమే జ్ఞాపకానికి ఆధారమైంది. వెండితెర నవలలు సినిమా సన్నివేశాలను వచనంలోకి తెచ్చాయి. ముళ్లపూడి వెంకటరమణ వీటితో పేరు పొందారు. సినిమా ధ్వనిని కుదించి ఆకాశవాణి ప్రసారం చేసిన సంక్షిప్త శబ్దచిత్రాలు సంభాషణలను ఇంటింటా వినిపించి కంఠస్థం చేయించాయి. టీవీ, వీడియో క్యాసెట్లు వచ్చాక సినిమానే మళ్లీ చూసే వీలు కలిగి, ఈ మూడూ వెనకబడ్డాయి.